హార్వ్‌ఎక్స్‌ట్రా అల్ఫాల్ఫా విత్తనం: వారం రోజుల వెసులుబాటుకు ఎంత పెట్టొచ్చు?

విస్కాన్సిన్‌లో డైరీ ఫారాలకు దాణా లెక్కలు కట్టి ఇవ్వడం నా ఉద్యోగం. ఏ ఆవుకి ఏ మేత ఎంత కలపాలి, కొత్త మేత వచ్చినప్పుడు ల్యాబ్ రిపోర్టు చూసి ఏం మార్చాలి, రోజూ ఇదే పని. తిరుపతిలో పశువైద్యం చదివి, పశుపోషణలో పై చదువుకి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. హార్వ్‌ఎక్స్‌ట్రా అంటే కాడ తొందరగా గట్టిపడకుండా జన్యువులు మార్చిన (జీఎం) అల్ఫాల్ఫా మేత విత్తనం. దీని గురించి నన్ను అడిగేవాళ్లు రెండు రకాలు. ఇక్కడి రైతులు ఆ ధర పెట్టొచ్చా అని అడుగుతారు. మన ఊళ్ల నుంచి ఫోన్ చేసేవాళ్లు ఆ విత్తనం మనకి దొరుకుతుందా అంటారు. రెండోవాళ్లలో మా నాన్న కూడా ఉన్నాడు. ఇంగ్లిష్‌లో దీని మీద బోలెడు రాతలున్నాయి. చాలావరకు అమ్మేవాళ్లవి, లేకపోతే జీఎం అంటేనే పడనివాళ్లవి. పశువు ముందు మేత వేసే మనిషి వైపు నుంచి తెలుగులో ఒకటి ఉండాలనిపించింది.

నా తీర్పు ముందే చెప్తాను. వాన భయంతో కోతలు తారుమారయ్యే ప్రాంతంలో, తన మేత తన ఆవులకే పెట్టుకునే రైతుకి ఈ విత్తనం పెట్టిన డబ్బుకి తగ్గ పని చేస్తుంది. ఎండుగడ్డి అమ్ముకుని బతికేవాళ్లకి, అందులోనూ ఆ గడ్డి ఓడెక్కి విదేశాలకి వెళ్లే చోట, నేను కొనమని చెప్పను. మన తెలుగు రాష్ట్రాల్లో ఇది దొరకదు. చట్టప్రకారం దొరకకూడదు కూడా. దొరికినా మన పశువులకి కావలసిన మార్పు అల్ఫాల్ఫాలో లేదు, చొప్పలో ఉంది. ఆ సంగతి చివర్లో రాస్తాను.

అల్ఫాల్ఫా అంటే మన లూసర్న్. గుజరాత్, మహారాష్ట్ర, రాజస్థాన్‌లలో నీళ్లున్న చోట బాగా పండిస్తారు. మన వైపు రైతులకి దానికంటే దశరథ గడ్డి ఎక్కువ పరిచయం. పప్పుజాతి మేత కాబట్టి మాంసకృత్తులు దండిగా ఉంటాయి, ఒకసారి వేస్తే మూడు నాలుగేళ్లు కోసుకోవచ్చు, నత్రజని ఎరువు పెద్దగా అక్కర్లేదు. పాడి ఆవుకి ఇంతకంటే మంచి ఆకుమేత తక్కువ. దీనితో వచ్చే తంటా అంతా కోత తేదీ దగ్గరే.

మొక్క ఎదిగే కొద్దీ ఎకరానికి వచ్చే మేత బరువు పెరుగుతుంది, అదే సమయంలో కాడ గట్టిపడుతుంది. కాడలో పేరుకునే లిగ్నిన్ అనే పదార్థం దీనికి కారణం. మొక్క నిటారుగా నిలబడాలన్నా, వేళ్ల నుంచి నీళ్లు పైకి ఎక్కాలన్నా అది కావలసిందే. కానీ పశువు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు లిగ్నిన్‌ని అరిగించలేవు. అంతటితో ఆగితే పరవాలేదు, దాని చుట్టూ ఉన్న మంచి పీచుని కూడా అది వాటికి అందనివ్వదు. లేత బెండకాయ రెండు రోజులు ఆలస్యమైతే ఏమవుతుందో వంటింట్లో అందరం చూసిందే, పొలంలో అల్ఫాల్ఫాకీ అంతే. అరగని పీచు పొట్టలో చోటు ఆక్రమిస్తుంది, ఆవు తిండి తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి. కాబట్టి ఇక్కడి రైతులు మొగ్గ దశలోనే, సుమారు 28 రోజులకో కోత చొప్పున కోసేస్తారు. బరువు కొంత వదులుకుని నాణ్యత కాపాడుకుంటారు. ఏ రోజు కోయాలో తేల్చడానికి విస్కాన్సిన్ యూనివర్సిటీలో తయారైన ఒక కొలకర్ర కూడా ఉంది. మొక్క ఎత్తు, మొగ్గా పువ్వా అన్నది చూసి పీచు ఎంత ఉందో అక్కడికక్కడే అంచనా వేస్తుంది.

కొలకర్ర చెప్పిన రోజునే ఆకాశం ఒప్పుకోవాలిగా. మే చివర, జూన్‌లో ఇక్కడ వానలు ఎప్పుడొస్తాయో చెప్పలేం. కోసిన మేత చేలోనే కొంత వాడిపోవాలి, అప్పుడే సైలేజీకి, అంటే గాలి తగలకుండా పులియబెట్టి నిల్వ చేసే మేతకి, సరిపడా తేమకి వస్తుంది. ఎండుగడ్డికైతే ఇంకా ఎక్కువ ఎండాలి. కోసి పరిచిన మేత మీద వాన పడితే ఆకు రాలుతుంది, చక్కెరలు కడిగేసుకుపోతాయి. కోయకుండా ఆగితే కాడ ముదురుతుంది. ఆ వారమంతా రైతు ఫోన్‌లో వాతావరణం చూసుకుంటూ పడే టెన్షన్ నేను దగ్గర్నుంచి చూస్తుంటాను. హార్వ్‌ఎక్స్‌ట్రా అమ్మేది సరిగ్గా ఈ టెన్షన్‌కి మందు.

అసలు ఇందులో ఏం మార్చారో చెప్పాలి, ఎందుకంటే దీని మీద వాట్సాప్‌లో తిరిగే మాటలు చాలావరకు తప్పు. ఒక్లహామాలోని ఆర్డ్‌మోర్‌లో ఉన్న నోబుల్ ఫౌండేషన్, మ్యాడిసన్‌లోని అమెరికా ప్రభుత్వ పాడి మేతల పరిశోధన కేంద్రం, ఫోరేజ్ జెనెటిక్స్ ఇంటర్నేషనల్ అనే విత్తన కంపెనీ కలిసి చాలా ఏళ్లు పని చేశాయి. ఫోరేజ్ జెనెటిక్స్ పాడి రైతుల సహకార సంస్థ ల్యాండ్ ఓ లేక్స్ కింద ఉండే కంపెనీ. మొక్కలో లిగ్నిన్ ఒక్కసారిగా తయారవదు, ఒక ఎంజైము తర్వాత ఇంకో ఎంజైము వరసగా పని చేస్తేనే అవుతుంది. ఆ వరసలో మొదటి మెట్టు దగ్గర అడ్డుకుంటే మొక్క కుంగిపోయింది, చివరి మెట్టు దగ్గర కదిలిస్తే ఫలితం ఇంకోలా వచ్చింది. ఒక్కో ఎంజైముని తగ్గించి పెంచిన మొక్కల్ని పక్కపక్కన పెట్టి, ఏది అరుగుతుందో, ఏది నిలబడుతుందో చూశారు. అలా చూసి మధ్యలో ఉన్న ఒక ఎంజైముని ఎంచుకున్నారు. అల్ఫాల్ఫా సొంత జన్యువు ముక్కనే తిరగేసి మొక్కలో పెట్టడంతో, ఆ ఎంజైము తయారీ సందేశాన్ని మొక్క తనే చాలావరకు ముక్కలు చేసేసుకుంటుంది. లిగ్నిన్ పూర్తిగా పోదు, తగ్గుతుంది. ఈ మార్పు వల్ల మేతలో కొత్త ప్రొటీన్ ఏదీ రాదు. 2014 నవంబర్‌లో అమెరికా వ్యవసాయ శాఖ దీనికి అనుమతి ఇచ్చింది, 2016 నుంచి రైతుల చేతికి వచ్చింది. ఇప్పుడు వేర్వేరు విత్తన బ్రాండ్ల పేర్లతో దొరుకుతుంది.

అయితే సంచీలో ఈ ఒక్క గుణమే రాదు. కలుపుమందు గ్లైఫోసేట్‌ని తట్టుకునే రౌండప్ రెడీ గుణం కూడా కలిపే అమ్ముతారు. దాంట్లో మాత్రం నేల బ్యాక్టీరియా నుంచి తీసుకున్న జన్యువు, దాని ప్రొటీన్ ఉంటాయి. నాకు మొదటి గుణం కావాలి, రెండోది అక్కర్లేదు అంటే కుదరదు. ఈ విత్తనం మీద నా పెద్ద అభ్యంతరం ఇదే. లిగ్నిన్ తగ్గించడం పశువు కోసం చేసిన పని. కలుపుమందు తట్టుకోవడం వేరే అవసరం. రెండింటినీ విడివిడిగా కొనుక్కునే వీలు రైతుకి ఉండాలి. పైగా విస్కాన్సిన్ రైతులు చాలామంది అల్ఫాల్ఫాలో ఆర్చర్డ్ గ్రాస్ లాంటి గడ్డి కలిపి వేస్తారు, అది చలికీ తడికీ ఆసరాగా ఉంటుంది. అలా కలిపి వేసిన చేలో గ్లైఫోసేట్ కొడితే గడ్డి చచ్చిపోతుంది. అంటే ఆ రైతు వాడుకోలేని గుణానికి కూడా డబ్బు కడుతున్నాడు.

ఇక చేలో ఎలా ఉందంటే. నేను లెక్కలు చూసే ఒక ఫారంలో సుమారు 400 ఆవులున్నాయి. వాళ్లు ఒకే వాలు మీద పక్కపక్కనే సగం హార్వ్‌ఎక్స్‌ట్రా, సగం మామూలు రకం వేశారు. మొలక ఏడాదిలో పైకి చూసి తేడా చెప్పలేం. ఆకు రంగు అదే, ఎత్తు అదే. లిగ్నిన్ తగ్గితే మొక్క పడిపోతుందేమో అని చాలామంది భయపడ్డారు. పెద్ద గాలివాన తర్వాత రెండు వైపులా కొంత ఒరిగింది, ఒకవైపు ఎక్కువేమీ కాదు. తేడా బయటపడింది వానలు విడవని ఒక జూన్‌లో. రెండో కోత వేళకి నేల ఆరక ట్రాక్టర్ దిగలేదు, రెండు సగాలూ ఆలస్యంగా ఒకే రోజు కోశారు. మామూలు రకం కాడలు చేతితో విరిస్తే టప్పున విరుగుతున్నాయి. ఆ మేత కలిపిన రోజుల్లో ఆవులు మూతితో ఏరుకుని, కాడలు పక్కకి నెట్టేసేవి. హార్వ్‌ఎక్స్‌ట్రా వైపు మేత సరైన వేళకి కోసినదానిలాగే ఉంది, తొట్లో మిగులు తక్కువ. ల్యాబ్ రిపోర్టులో పీచు మొత్తం దాదాపు అంతే ఉన్నా, అందులో అరిగే భాగం స్పష్టంగా ఎక్కువ వచ్చింది. దాన్ని చూసి బయట కొనే సోయా పొట్టు తగ్గించాం.

యూనివర్సిటీ ప్రయోగాలు కూడా ఇదే దిక్కు చూపిస్తాయి. మిన్నెసోటాలో చేసి 2017లో ప్రచురించిన ప్రయోగంలో హార్వ్‌ఎక్స్‌ట్రా రకంలో లిగ్నిన్ దాదాపు 8 శాతం తక్కువ ఉంది. అమ్మకం కాగితాల్లో అంతకంటే పెద్ద అంకెలు కనిపిస్తాయి కాబట్టి ఈ 8 గుర్తుంచుకోండి. నాకు అంతకంటే విలువైనదిగా కనిపించింది ఇంకో లెక్క. మామూలు రకాల్ని 30 రోజులకో కోత, హార్వ్‌ఎక్స్‌ట్రాని 35 రోజులకో కోత చొప్పున కోసి పోలిస్తే, రెండోదాంట్లో దిగుబడి 21 శాతం ఎక్కువ వచ్చింది, నాణ్యత సూచీ 3 శాతమే తగ్గింది. ఐదు రోజులు ఆగినందుకు వచ్చిన ఫలితం అది. ఏడాదికి నాలుగు కోతలు కోసే చోట మూడుతో సరిపెట్టొచ్చు. ఒక కోత తగ్గితే డీజిల్, కూలీ, యంత్రాల అరుగుదల తగ్గుతాయి. ట్రాక్టర్ చక్రాల కింద మొక్క మొదళ్లు నలగడం కూడా ఒక విడత తప్పుతుంది, చేను ఎన్నేళ్లు నిలుస్తుందన్నది దాని మీద కూడా ఉంటుంది.

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. హార్వ్‌ఎక్స్‌ట్రా వేసి, పాత అలవాటు ప్రకారం 28 రోజులకే కోస్తారు. అప్పుడు మేత లేతగా, అతిగా అరిగేదిగా వస్తుంది. అలాంటి మేత పొట్టలో నిలవకుండా తొందరగా కిందికి పోతుంది, నెమరు తగ్గుతుంది. దాన్ని సరిచేయడానికి నేను గోధుమ గడ్డి కలపమని రాయాల్సి వస్తుంది. ఖరీదైన విత్తనం వేసి, చవక గడ్డి కొని కలపడం ఎందుకు? ఈ రకం వేస్తే కోత క్యాలెండర్ మార్చాలి. మార్చే ఉద్దేశం లేకపోతే మామూలు రకమే వేసుకోండి, నిజంగా చెప్తున్నాను.

పాలు పెరుగుతాయా అని అందరూ అడుగుతారు. ఇక్కడి ఆవు తినేదాంట్లో మొక్కజొన్న సైలేజీ వాటా అల్ఫాల్ఫా కంటే ఎక్కువ. అల్ఫాల్ఫా ఒక్కటి మెరుగుపడితే ఆ మేలు మొత్తం దాణాలో పలచబడుతుంది. పాల ట్యాంకులో ఒక్కసారిగా పెరుగుదల ఆశించేవాళ్లకి నిరాశే. దాణా ఖర్చులో తగ్గుదల మాత్రం కనిపిస్తుంది, అది కూడా ల్యాబ్ రిపోర్టు చూసి దాణా మార్చుకుంటేనే.

ధర విషయం. మా వైపు డీలర్ చెప్పేది మామూలు విత్తనానికి రెట్టింపు పైనే ఉంటుంది. ఆ ఖర్చుని మూడు నాలుగేళ్ల మీద పంచుకుని చూడాలి, మొదటి ఏడాది మీదే వేస్తే ఎవరికీ గిట్టదు. చేను మధ్యలో చలికి దెబ్బ తింటే ఆ లెక్క తలకిందులవుతుంది. ఇంకో సంగతి, పలచబడిన అల్ఫాల్ఫా చేలో మళ్లీ అల్ఫాల్ఫా గింజ చల్లితే మొలకలు నిలవవు, పాత మొక్కల నుంచి నేలలోకి చేరిన పదార్థాలు కొత్త వాటిని ఎదగనివ్వవు. ఇది ఏ అల్ఫాల్ఫాకైనా ఉన్న గుణమే, కానీ ఖరీదైన విత్తనం వేసినప్పుడు ఎక్కువ బాధ పెడుతుంది. కాబట్టి మురుగు నిలిచే నేలలో, పులుపెక్కిన నేలలో వేయొద్దు. ముందు సున్నం వేసి నేల సరిచేసుకోండి.

కొత్తగా వేసినవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మొదటిసారి గ్లైఫోసేట్ కొట్టినప్పుడు అల్ఫాల్ఫా మొలకలే కొన్ని చనిపోతాయి. అల్ఫాల్ఫా పరపరాగ సంపర్కంతో పుట్టే పంట, ప్రతి గింజలోనూ ఆ గుణం ఉండదు. నూటికి పది వరకు మొలకలు ఇలా పోవచ్చని విత్తనం ఇచ్చేవాళ్లే చెప్తారు. అందుకే ఆ మందు మొలక మూడు నాలుగు ఆకుల దశలోనే కొట్టేయాలి. అప్పుడు పోయిన మొక్కల జాగాని పక్కవి కప్పేస్తాయి. ఆలస్యం చేస్తే ఖాళీలు అలాగే ఉండిపోతాయి. ఎదిగిన చేను విషయంలో ఇంకో జాగ్రత్త. కాలిఫోర్నియా ఉత్తరాన కొండ ప్రాంతంలో, వసంతంలో గ్లైఫోసేట్ కొట్టిన తర్వాత గడ్డకట్టే చలి వస్తే పంట దెబ్బతిన్నట్టు అక్కడి యూనివర్సిటీ సలహాదారులు గమనించారు. చలి పోకముందు, మొక్క ఎత్తు పెరిగాక మందు కొట్టొద్దు. చేను తీసేసేటప్పుడు గ్లైఫోసేట్ పని చేయదు కాబట్టి వేరే మందో, దుక్కో చూసుకోవాలి. ఒక్క గ్లైఫోసేట్‌నే నమ్ముకుంటే దానికి లొంగని కలుపు తయారవుతుంది, మా దగ్గర వాటర్‌హెంప్ అనే తోటకూర జాతి కలుపు అలాగే ముదిరింది.

ఒప్పంద పత్రం చదవకుండా సంతకం పెట్టకండి. గింజ దాచుకుని మళ్లీ వేయకూడదు, మేత చేలో విత్తనం కట్టనివ్వకూడదు, అనుమతి లేని దేశాలకి ఆ మేత వెళ్లకూడదు. చివరిది చిన్న షరతు కాదు. అమెరికా పడమటి రాష్ట్రాల నుంచి ఎండుగడ్డి బేళ్లు చైనా, జపాన్, గల్ఫ్ దేశాలకి ఓడల్లో వెళ్తాయి. 2014 ప్రాంతంలో జీఎం ఆనవాళ్లు దొరికాయని చైనా లోడ్లు వెనక్కి పంపింది. జీఎం వేయని రైతులు కూడా ఆ దెబ్బ తిన్నారు. రౌండప్ రెడీ అల్ఫాల్ఫా దిగుమతికి చైనా 2023 జనవరిలో గానీ ఒప్పుకోలేదు. హార్వ్‌ఎక్స్‌ట్రాలో ఉన్న లిగ్నిన్ మార్పు వేరే మార్పు, దానికి అనుమతి వేరుగా కావాలి. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ వ్యాలీలో రౌండప్ రెడీ అల్ఫాల్ఫా అసలు వేయకూడదనే నిబంధన పెట్టారు, అక్కడ విత్తనం, ఎండుగడ్డి రెండూ ఎగుమతి మీదే బతుకుతాయి కాబట్టి.

పక్క రైతు సంగతి కూడా ఆలోచించాలి. అల్ఫాల్ఫాకి పరాగం మోసేది మామూలు తేనెటీగలు, ఆకులు కత్తిరించే జాతి తేనెటీగలు. వాటికి గట్లు తెలియవు. రౌండప్ రెడీ అల్ఫాల్ఫాని 2005లోనే అనుమతించారు, విత్తన రైతులు కోర్టుకెళ్లడంతో 2007లో ఆపారు, 2010 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని 7-1తో తోసిపుచ్చింది, 2011 జనవరిలో మళ్లీ పూర్తి అనుమతి వచ్చింది. ఆ రైతుల భయం ఊరికే పుట్టింది కాదు. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో కాలిఫోర్నియా, ఐడహో, వాషింగ్టన్ రాష్ట్రాల్లో విత్తనం పండించే ప్రాంతాల రోడ్ల పక్కన తనంతట మొలిచిన అల్ఫాల్ఫాని పరీక్షిస్తే, 27 శాతం చోట్ల ఆ జన్యువు దొరికింది. మేత కోసం వేసిన చేలో గింజ కట్టకముందే కోసేస్తారు కాబట్టి అక్కడ ప్రమాదం బాగా తక్కువ. ఈ విషయంలో నా మాట ఒకటే. మీ పక్కన సేంద్రియ డైరీ గానీ, విత్తనం పండించేవాళ్లు గానీ ఉంటే, గింజ కొనకముందే వెళ్లి మాట్లాడండి. పూత పూర్తిగా విచ్చుకోకముందే కోస్తామని మాటివ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి.

జీఎం వద్దనుకునేవాళ్లకి మామూలు సంకరణంతోనే లిగ్నిన్ తగ్గించిన హై-గెస్ట్ 360 లాంటి రకాలు ఉన్నాయి. తేడా హార్వ్‌ఎక్స్‌ట్రా అంత కనిపించదు, కానీ ఒప్పంద పత్రాల గొడవ లేదు, గడ్డితో కలిపి వేసుకోవచ్చు. చిన్న ఫారాలకి నేను ముందు అదే చెప్తాను.

ఇప్పుడు మన సంగతి. "అమ్మా, వచ్చేటప్పుడు ఆ గింజ ఒక కిలో తెచ్చిపెట్టు, పెరట్లో వేసి చూస్తాను" అన్నాడు నాన్న. అద్దంకి దగ్గర మాకు ముర్రా గేదెలున్నాయి. తేలేనని చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. అనుమతి లేకుండా జీఎం విత్తనం దేశంలోకి తేవడం నేరం. భారతదేశంలో రైతులు చట్టబద్ధంగా సాగు చేస్తున్న జీఎం పంట 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి ఒక్కటే. జీఎం ఆవాలకి 2022లో పర్యావరణ అనుమతి వచ్చినా అది కోర్టులో ఉంది. మేత పంట ఏదీ అనుమతి పొందలేదు. కాబట్టి ఎవరైనా "జీఎం గడ్డి విత్తనం" అని ఆన్‌లైన్‌లో అమ్మితే అది అబద్ధమైనా అయ్యుండాలి, చట్టవిరుద్ధమైనా అయ్యుండాలి. సూపర్ నేపియర్ కూడా జీఎం కాదు. అది నేపియర్ గడ్డికి, సజ్జకి సంకరం చేసి పుట్టించిన గడ్డి, థాయ్‌లాండ్ నుంచి వచ్చింది.

మన పశువులు జీఎం అసలు తినడం లేదా అంటే, తింటున్నాయి. మనం పెట్టే పత్తి చెక్క దాదాపు అంతా బీటీ పత్తి గింజదే. 2006లో వరంగల్ జిల్లాలో బీటీ పత్తి చేలో మేసిన గొర్రెలు చనిపోయాయని కాపరులు మొత్తుకున్నారు. బీటీ వల్లే చనిపోయాయని అధికారిక పరీక్షల్లో తేలలేదు. కానీ మంద పోగొట్టుకున్న కాపరికి, ఆ చేలో కొట్టిన మందులతో సహా అన్నీ పరీక్షించి, అతనికి అర్థమయ్యే భాషలో జవాబు చెప్పాల్సిన బాధ్యత వ్యవస్థది. జీఎం మేత గురించి మన దగ్గర ఎప్పుడైనా నిజాయితీగా మాట్లాడుకోవాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మన గేదె పొట్టలో ఎక్కువ చోటు తీసుకునేది వరిగడ్డి, జొన్న చొప్ప. అరగని పీచు సమస్య అసలు తీవ్రంగా ఉన్నది అక్కడ. జొన్నలో దీనికి జీఎం అక్కర్లేని దారి ఒకటుంది. ఆకు మధ్య ఈనె గోధుమ రంగులో ఉండే బీఎంఆర్ రకాల్లో లిగ్నిన్ సహజంగానే తక్కువ. మొక్కజొన్నలో ఈ గుణాన్ని 1924లోనే మిన్నెసోటాలో గుర్తించారు. జొన్నలో 1970లలో పర్‌డ్యూ యూనివర్సిటీ వాళ్లు గింజలకి రసాయన శుద్ధి చేసి పుట్టించారు. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో కూడా ఈ గుణంతో జొన్నల మీద పని జరిగింది. ఈ గుణం అమెరికాలో మేత జొన్నల్లో మామూలుగా దొరుకుతుంది, మన రైతు అంగట్లోకి మాత్రం ఇంకా సరిగా రాలేదు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

మన వాళ్లకి చొప్ప నాణ్యత తెలియదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. హైదరాబాద్ మేత మార్కెట్‌లో అమ్మే జొన్న చొప్పని పరిశోధకులు నెలల తరబడి కొని, ల్యాబ్‌లో పరీక్షించి, 2006లో ఫలితం ప్రచురించారు. అరుగుదల 47 శాతం ఉన్న చొప్పకీ 52 శాతం ఉన్న చొప్పకీ మధ్య ధరలో 25 శాతం వరకు తేడా ఉంది. ల్యాబ్ లేకుండా, చేత్తో పట్టుకుని, ఆకు చూసి, కాడ నమిలి చూసి వ్యాపారులూ పాడివాళ్లూ ఆ ఐదు శాతాన్ని పట్టేశారు. అంటే ఇలాంటి గుణానికి డబ్బు పెట్టే మార్కెట్ మన దగ్గర ఎప్పటి నుంచో సిద్ధంగా ఉంది. గింజ దిగుబడి మీద పెట్టిన శ్రద్ధలో కొంత చొప్ప మీద కూడా పెట్టి విత్తనం ఇవ్వాల్సింది పరిశోధన కేంద్రాలు.

నాన్నకి గింజ బదులు పని చెప్పాను. చొప్పని చాఫ్ కట్టర్‌లో ముక్కలు చేసి పెట్టమన్నాను. ఒక మడిలో కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల సీవోఎఫ్ఎస్-29 జొన్న వేయమన్నాను. 65 రోజులకి మొదటి కోత, ఆ తర్వాత 50 రోజులకో కోత వస్తుంది. లేత జొన్నలో విషం ఉంటుంది కాబట్టి, ముఖ్యంగా నీటి ఎద్దడిలో, గిడసబారిన మొక్కని పశువుకి పెట్టొద్దని మళ్లీ మళ్లీ చెప్పాను. పప్పుజాతి మేత కోసం గట్ల వెంట దశరథ గడ్డి వేయించాను. గింజని వేణ్నీళ్లలో నానబెట్టాకే విత్తాలి, లేకపోతే సగం మొలవవు. ఆకు తినడం మొదలుపెట్టాక పత్తి చెక్క కొంత తగ్గించినా పాల కేంద్రంలో వెన్న శాతం తగ్గలేదని చెప్పాడు.

ఇక్కడ డైరీల్లో పని చేసే తెలుగువాళ్లు విస్కాన్సిన్, మిన్నెసోటా, న్యూయార్క్ వైపు కొంతమంది ఉన్నారని తెలుసు. మీ దగ్గర హార్వ్‌ఎక్స్‌ట్రా వేసి నాలుగో ఏడు దాటిన చేను ఉంటే, చదరపు అడుగుకి ఎన్ని కాడలు మిగిలాయో లెక్కపెట్టి రాయండి. కోత విరామం పెంచితే చేను ఎక్కువ ఏళ్లు నిలుస్తుందని నేను రైతులకి చెప్తున్నాను. ఆ మాటకి వేర్వేరు నేలల నుంచి లెక్కలు కావాలి.